చర్చి మార్చే ముందు వెనక వరుసను అడగాలి

నల్లగొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూలు, వనపర్తి వైపు మండల కేంద్రాల్లో మరమ్మతులో ఉన్న చర్చో, కొత్తగా కడుతున్న చర్చో తరచుగా కనిపిస్తుంది. రేకులు తీసి స్లాబు వేస్తారు, షాబాద్ బండలు పీకి టైల్స్ పరుస్తారు, స్టేజీ రెండడుగులు లేపి దాని వెనక ఎల్‌ఈడీ తెర పెడతారు. దాంతోపాటే ఆరాధన కూడా మారిపోతుంది. కీర్తనల పుస్తకం అలమారలోకి పోతుంది, కంజీర ఉన్న చోటికి రిథమ్ ప్యాడ్ వస్తుంది, సంఘమంతా పాడే పాటను నలుగురైదుగురు వర్షిప్ టీం పాడుతుంది. మారడంలో తప్పు లేదు. అసలు మారాల్సినవే చాలా ఉన్నాయి. తప్పంతా నిర్ణయం జరిగే తీరులో ఉంది. పాస్టరు గారు, నలుగురు సంఘ పెద్దలు, ఒక ఇంజనీరు, డబ్బిచ్చే దాత కలిసి ప్లాన్ ఖాయం చేస్తారు. ఆదివారం ప్రకటనలప్పుడు "ఎవరికైనా అభ్యంతరం ఉందా?" అని ఒక్కమాట అడుగుతారు. వందమంది ముందు లేచి ఎవరు మాట్లాడతారు? ఆమేన్ అని ఊరుకుంటారు. సంఘం ఏకగ్రీవంగా ఒప్పుకుందని మినిట్స్ పుస్తకంలో రాస్తారు.

గోడలు వేరు, ఆరాధన వేరు అనుకోవడం దగ్గరే పొరపాటు మొదలవుతుంది. కుర్చీలు వేసిన రోజే ముందు ఎవరు కూర్చోవాలన్న ప్రశ్న పుడుతుంది. స్టేజీ ఎత్తు పెరిగిన కొద్దీ పాడేవాళ్లు వేరు, చూసేవాళ్లు వేరు అవుతారు. పాటను తెర మీద వేస్తే చదువు వచ్చినవాళ్లు పాడతారు, రానివాళ్లు పెదవులు కదుపుతారు. సిమెంటుతో తీసుకునే ప్రతి నిర్ణయం ఎవరిని దగ్గరికి తీసుకోవాలో, ఎవరిని దూరం పెట్టాలో కూడా తేలుస్తుంది. మళ్లీ పగలగొట్టేదాకా, అంటే ముప్పై నలభై ఏళ్లు, ఆ నిర్ణయంతోనే బతకాలి.

మన దగ్గర చర్చి హాలు పొడవాటి గదిలా, చివర ప్రసంగ పీఠంతో (పుల్పిట్‌తో) ఎందుకు ఉంటుందో తెలుసుకుంటే దేన్ని ముట్టుకోవచ్చో, దేన్ని ముట్టుకుంటే నొప్పి పుడుతుందో అర్థమవుతుంది. రష్యా నుంచి వచ్చిన మెన్నోనైట్ బ్రదరెన్ (ఎంబీ) అనే ప్రొటెస్టంటు శాఖ మిషనరీ అబ్రహాం ఫ్రీజెన్ 1890 ప్రాంతంలో అమెరికన్ బాప్టిస్టు మిషన్‌తో కలిసి నల్లగొండలో పని మొదలుపెట్టారు. ఆ తర్వాత అమెరికా మెన్నోనైట్ బ్రదరెన్ మిషన్ నాగర్‌కర్నూలు, వనపర్తి, దేవరకొండ, గద్వాల, జడ్చర్ల అంతటా వేళ్లూనుకుంది. బాప్టిస్టులకైనా ఎంబీ వాళ్లకైనా వాక్యమే కేంద్రం, బాప్తిస్మం నీళ్లలో ముంచి ఇచ్చేదే. అందుకే వాళ్ల మందిరాల్లో పుల్పిట్ మధ్యలో ఉంటుంది, ప్రభు భోజనపు బల్ల దాని ముందు కింద ఉంటుంది, గోడలకు బొమ్మలు ఉండవు. కథోలికులకు బలిపీఠమే ముఖ్యం. 1976లో ఏర్పడిన నల్లగొండ మేత్రాసనం (బిషప్ పరిధి) గుడుల్లో కన్ను ముందు అటే పోతుంది. సీఎస్‌ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) దారి వేరు. 1947 సెప్టెంబరు 27న ఆ సంఘం ఏర్పడ్డాక 1950లో తయారైన ప్రభు భోజన క్రమంలో గురువు బల్ల వెనక నిలబడి సంఘం వైపు తిరిగాడు, ఒకరికొకరు సమాధానం, అంటే శాంతి, చెప్పుకోవడం చేతి నుంచి చేతికి అందించడం అయింది. దక్షిణ భారతంలో జరిగిన ఈ మార్పును తర్వాత వేరే దేశాల చర్చిలు కూడా గమనించి నేర్చుకున్నాయి.

అంటే మార్చడం మనకు కొత్త కాదు. మెదక్ కెథెడ్రల్‌ను ఐరోపా గోతిక్ పద్ధతిలో కట్టి 1924లో ప్రతిష్ఠించారు, రంగు అద్దాల కిటికీలు తర్వాత అమర్చారు. పదిహేనేళ్లు తిరగకముందే, 1939 జనవరి 6న, బిషప్ అజరయ్య దోర్నకల్‌లో ఎపిఫనీ కెథెడ్రల్‌ను ప్రతిష్ఠించారు. దాని గుమ్మటాల్లో మసీదు, స్తంభాల్లో హిందూ గుడి కనిపిస్తాయి. రెండూ తెలుగు నేల మీదివే, దేవుడి ఇల్లు ఎట్లా ఉండాలన్న దానికి రెండు వేర్వేరు జవాబులు. 1969 ఏప్రిల్‌లో రోము నుంచి భారత కథోలికులకు పన్నెండు అంశాల అనుమతి వచ్చింది: చెప్పులు విడిచి లోపలికి రావడం, కింద కూర్చోవడం, చేతులు జోడించి మొక్కడం, హారతి ఇవ్వడం. మన పల్లె సంఘాల్లో చెప్పులు విడవడం, కింద కూర్చోవడం ఎవరి అనుమతీ లేకుండానే ఎప్పటినుంచో ఉన్నాయి. హైదరాబాదులో భక్తసింగ్ మొదలుపెట్టిన హెబ్రోను సహవాసంలో అయితే చాపల మీద కూర్చోవడమే పద్ధతి.

ముందు చెవి సంగతి. కొత్త హాలు కట్టాక ఎక్కువగా వచ్చే ఫిర్యాదు "ఏం వినపడుతలేదు" అన్నది. వెంటనే ఇంకో రెండు స్పీకర్లు కొంటారు, గోల ఇంకా పెరుగుతుంది. 1895లో హార్వర్డ్‌లో ఒక ఉపన్యాస హాల్లో మాట అర్థం కావడం లేదంటే వాలెస్ సబైన్ అనే యువ అధ్యాపకుడు పక్క థియేటర్ నుంచి సీటు దిండ్లు మోయించి తెచ్చాడు. వాటిని కొన్ని కొన్నిగా పెంచుతూ శబ్దం ఎంతసేపు నిలబడుతుందో కొలిచాడు. అట్లా దొరికిన లెక్క ఇవాళ మన చర్చికీ పనికొస్తుంది. 60 అడుగుల పొడవు, 30 అడుగుల వెడల్పు, 14 అడుగుల ఎత్తు, పైన స్లాబు, కింద టైల్స్, నున్నటి ప్లాస్టరింగ్ గోడలు, కిటికీలన్నీ మూసి. ఈ హాలు ఖాళీగా ఉంటే ఒక్క చప్పట్ల మోత అణగడానికి ఆరు సెకన్లు దాటుతుంది. అందులో 150 మంది కూర్చుంటే అదే మోత దాదాపు ఒకటిన్నర సెకన్లకు దిగుతుంది, ఎందుకంటే మనుషుల ఒళ్లు, చీరలు, శాలువాలు శబ్దాన్ని పీల్చుకుంటాయి. పత్తి ఏరే రోజుల్లో నలభై మందే వస్తే మళ్లీ మూడు సెకన్లు దాటుతుంది. మాట స్పష్టంగా చెవిన పడాలంటే అది ఒక సెకను దగ్గర ఉండాలి. శనివారం రాత్రి ఖాళీ హాల్లో మైకు సెట్ చేసినవాళ్లు ఆదివారం సంఘం ఏం వింటుందో తెలుసుకోలేరు.

దీనికి మందు పెద్ద ఖరీదు కాదు. తెరిచిన కిటికీ గుండా శబ్దం బయటికి పోతుంది, ఏసీ కోసం కిటికీలన్నీ మూసేస్తే అది లోపలే తిరుగుతుంది. కింద జంపఖానా పరిస్తే కొంత తగ్గుతుంది, పుల్పిట్‌కు ఎదురుగా ఉన్న వెనక గోడకు మందపాటి బట్ట వేలాడదీస్తే ఇంకొంత. స్త్రీల సమాజం పాత చీరలతో కుట్టిన బొంతలు ఆ గోడకు వేలాడితే దాత ఇచ్చిన ఖరీదైన స్పీకరు కంటే ఎక్కువ పని చేస్తాయి. ఆ గోడ మీద సంఘంలోని అమ్మల చేతిపని కూడా కనిపిస్తుంది.

పైసా ఖర్చు లేని ఇంకో మార్పు కూడా ఉంది. పుల్పిట్‌ను పొట్టి గోడ నుంచి తీసి పొడవాటి గోడ మధ్యలో పెట్టడం. అదే 60, 30 అడుగుల హాల్లో ఇప్పుడు చివర కూర్చున్న మనిషి పాస్టరు గారికి అరవై అడుగుల దూరంలో ఉంటాడు. మధ్యలోకి జరిపితే మూలన కూర్చున్నవాళ్లు కూడా నలభై రెండు అడుగుల్లోనే ఉంటారు. పైగా సంఘం ఒకరి వీపు ఒకరు చూసుకుంటూ కాకుండా మూడు వైపులా ఒకరి ముఖం ఒకరు చూస్తూ కూర్చుంటుంది. దీన్ని నాలుగు ఆదివారాలు చేసి చూసి, బాగా లేకుంటే మళ్లీ పాత చోటికి మార్చుకోవచ్చు.

ఇక కూర్చోవడం. చాపలా, కుర్చీలా అన్న గొడవ చిన్నదిగా కనిపిస్తుంది గానీ నల్లగొండలో చిన్నది కాదు. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు ఫ్లోరైడు నీళ్లు తాగి పెరిగిన తరాల్లో వెన్ను, మోకాళ్లు బిగుసుకుపోయినవాళ్లు ఉన్నారు. నీళ్లలోంచి ఫ్లోరైడు తీసే ఒక పద్ధతికి ప్రపంచమంతా నల్లగొండ పేరే ఉందంటే ఈ నేల ఎంత నలిగిందో తెలుస్తుంది. కింద కూర్చోవడమే మన సంప్రదాయం అని పట్టుబట్టే పెద్దలు, కింద కూర్చొని లేవలేక గుడికి రావడమే మానేసిన మనిషిని తలుచుకోవాలి. ఆ మనిషి సిగ్గుపడి కారణం చెప్పడు, "పానం బాగుంటలేదు" అని మాత్రం అంటాడు. అట్లని హాలంతా కుర్చీలు వేస్తే పిల్ల తల్లులకు కష్టం. చంటిపిల్లను పక్కన పడుకోబెట్టుకొని వాక్యం వినే వీలు చాప మీదే ఉంటుంది. కాబట్టి రెండూ ఉండాలి. కుర్చీలు మాత్రం ముందు వరుసల్లో కాదు, రెండు పక్కలా గోడల వెంట ఉండాలి.

ముందు వరుసల్లో వేస్తే ఏమవుతుందో అందరికీ తెలుసు. ఉద్యోగాలవాళ్లు, పట్నం నుంచి వచ్చినవాళ్లు, కానుక ఎక్కువ వేసేవాళ్లు కుర్చీల్లో కూర్చుంటారు, కూలి పని చేసేవాళ్లు వెనక చాపల మీద. ఎవరూ చెప్పకుండానే అట్లా సర్దుకుంటారు, అదే బాధ. బైబిలులోని యాకోబు పత్రిక రెండో అధ్యాయంలో బంగారు ఉంగరం పెట్టుకొని వచ్చినవాడికి మంచి చోటు, మురికి బట్టలతో వచ్చిన బీదవాడికి పాదపీఠం దగ్గర చోటు అని చదివిన సంఘమే తన హాల్లో అదే పని చేస్తుంటే ప్రసంగానికి బలం ఎక్కడినుంచి వస్తుంది?

పాటల దగ్గరికి వస్తే యువతకూ పెద్దలకూ మధ్య గీత గీయడం తేలిక, కానీ అది పూర్తి నిజం కాదు. పందొమ్మిదో శతాబ్దంలో పురుషోత్తమ చౌదరి వంటివాళ్లు రాగతాళాలతో రాసిన కీర్తనలు తెలంగాణ పల్లెలకు పుస్తకాల్లో వచ్చాయి. వాటి భాష కష్టమే, అయినా అక్షరం రాని అమ్మలు ఏడెనిమిది చరణాలు నోటికి పాడతారు. ఒకరు అంటే అందరూ అనే తీరులో, తరతరాలుగా, కోలాటం వేస్తూ నేర్చుకున్నవి అవి. కొత్త పాటల్లో మాట తేలిక, భావం సూటి, పిల్లలకు ఇష్టం. వాటితో వచ్చే చిక్కు శ్రుతిలో ఉంది. స్టూడియోలో ఒక్క గొంతుకు కుదిరిన శ్రుతిని యూట్యూబ్‌లో విని కీబోర్డు మీద అట్లాగే పెడితే చరణం పైకి పోయే చోట సంఘం గొంతు ఆగిపోతుంది. కీబోర్డులో ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కి రెండు మూడు మెట్లు దించితే సగం సంఘం తిరిగి పాటలోకి వస్తుంది. ఎవరి పాట పాడాలి అని పోట్లాడుకునే ముందు అందరూ పాడగలిగే శ్రుతి ఏదో చూసుకోవాలి. పుస్తకం, తెర లేకుండా పాడే పాట ఆరాధనకు ఒకటైనా ఉండాలి.

అన్నింటికంటే లోతైనది డప్పు ప్రశ్న. ఈ ప్రాంతంలో చాలా సంఘాలు మాదిగ, మాల వాడల్లో పుట్టినవే. డప్పు ఆ వాడలదే: మేకతోలు, చెక్క గుండ్రం, కుడి చేతిలో చిర్ర, ఎడమ చేతిలో సిటికెన పుల్ల, మంట దగ్గర కాచి పెంచే మోత. అయినా చాలా చర్చిల్లో డప్పు గుమ్మం దాటి లోపలికి రాలేదు. దీనికి మిషనరీలనే తప్పుపడితే సగమే చెప్పినట్టు. తాతల కాలంలో డప్పు కొట్టడం ఇష్టమై చేసిన పని కాదు. ఊరి చాటింపుకు కొట్టాలి, దొర ఇంటి చావుకు కొట్టాలి, జాతరలో పోతు ముందు కొట్టాలి, పిలిస్తే పోకపోతే బతుకు లేదు. క్రీస్తును నమ్ముకున్న రోజు డప్పు దించి పక్కన పెట్టడం వాళ్లకు ఒక విడుదల. "ఇక మీ పిలుపుకు రాము" అని ఊరితో చెప్పిన మాట అది. ఇవాళ మనవడు అదే డప్పు తెచ్చి బల్ల ముందు పెడితే ముసలాయన ముఖం తిప్పుకుంటే ఆయనది వెనకబాటుతనం అనడం అన్యాయం.

మనవడి మాటలోనూ అంతే బలం ఉంది. 1994లో మొదలైన మాదిగ దండోరా ఉద్యమం తర్వాత డప్పు తలవంపు కాదు, తల ఎత్తుకునే గుర్తు అయింది. తెలంగాణ ఉద్యమంలో ధూంధాం వేదికల మీద అన్ని కులాలవాళ్లూ దాని ముందు చిందేశారు. రాష్ట్రమంతా గౌరవించిన వాద్యానికి మా గుడిలోనే చోటు లేదా, డ్రమ్ సెట్టు పవిత్రమైతే డప్పు ఎట్లా అపవిత్రమైంది అని అతను అడిగితే జవాబు చెప్పడం కష్టం. ఇది కమిటీ ఓటుతో తేలదు. ఓటు పెడితే గెలిచినవాళ్ల మోత మాత్రమే వినపడుతుంది. తాత తన కథ చెప్పాలి, మనవడు కూర్చొని పూర్తిగా వినాలి, ఆ తర్వాత మనవడు మాట్లాడాలి. ఒక సాయంత్రం చాలదు. ఈలోగా డప్పును మొదట ఆరుబయట, ఈస్టరుకు ముందు వచ్చే మట్టల ఆదివారం ఊరేగింపులో కొట్టి చూడొచ్చు. ఆరుబయట కొట్టే వాద్యం కాబట్టి అక్కడే దానికి అందం, నలుమూలలా గోడలున్న హాల్లో గట్టిగా కొడితే చెవులు మూసుకోవాల్సిందే. ముసలాయనే ఒకరోజు ఆ ఊరేగింపులో చిర్ర అందుకోవచ్చు, అందుకోకపోవచ్చు. తొందరపెట్టే హక్కు ఎవరికీ లేదు.

పాత కట్టడం కూల్చేటప్పుడు కూడా ఇట్లాంటి ఓపికే కావాలి. రాతి గోడలు, డంగు సున్నం, ఎత్తయిన పైకప్పు ఉన్న మిషన్ కాలపు గుళ్లు మే నెలలో 44 డిగ్రీల ఎండలోనూ లోపల చల్లగా ఉంటాయి, వాటిని తీసి కట్టిన స్లాబు హాలు సాయంత్రం దాకా ఉడుకుతుంది. స్లాబు, రేకుల మీద తెల్లటి సున్నం వేయడం లాంటి తేలిక పనులను తెలంగాణ ప్రభుత్వమే 2023లో కూల్ రూఫ్ విధానంతో ముందుకు తెచ్చింది. ఎండ లెక్క ఒక్కటే కాదు, అక్కడ పెళ్లి చేసుకున్నవాళ్లు, పిల్లల శవపేటిక ముందు నిలబడ్డవాళ్లు ఉన్నారు. బైబిలులోని ఎజ్రా గ్రంథం మూడో అధ్యాయంలో యెరూషలేము రెండో మందిరం పునాది వేసిన రోజు మొదటి మందిరాన్ని చూసిన ముసలివాళ్లు గట్టిగా ఏడ్చారని, మిగతావాళ్లు సంతోషంతో అరిచారని, ఏది ఏడుపో ఏది కేకో తెలియలేదని ఉంటుంది. ఆ ఏడుపును ఎవరూ ఆపమనలేదు.

మరి సంఘాన్ని అడగడం ఎట్లా? "మీకు ఎట్ల కావాలె" అని అడిగితే "మీరెట్ల చేస్తే గట్లనే అయ్యగారు" అంటారు, అది మర్యాద మాట. అడగాల్సినవి చిన్న, సూటి ప్రశ్నలు. పోయిన ఆదివారం వాక్యంలో నీకు ఏం వినపడ్డది అని వెనక వరుసలో కూర్చున్న అవ్వను అడిగితే హాలు సంగతి బయటపడుతుంది. పుస్తకం లేకుండా నీకు ఏ పాట వస్తుంది, కింద కూర్చొని లేవగలవా, నీ కోడలు ఎందుకు రావడం లేదు, చిన్నపిల్లను ఎక్కడ పడుకోబెడుతున్నావు, కాళ్లు కడుక్కోవడానికి నీళ్లు ఉన్నాయా, ఆడవాళ్లకు బాత్రూం ఉందా. చివరి ప్రశ్న మగ పెద్దల కమిటీలో తట్టడం తక్కువ, అడగగానే ఆడవాళ్లు మొదట చెప్పేది అదే. స్త్రీల కూడిక విడిగా పెట్టాలి, అందులో అమ్మగారు (పాస్టరు గారి భార్య) ఉండాలి, పెద్దలు ఉండకూడదు. మానేసినవాళ్ల ఇళ్లకు పోవాలి. పెద్దలు ఒక ఆదివారం వెనక చాపల మీద, ఇంకో ఆదివారం తలుపు దగ్గర కూర్చొని ఆరాధన మొత్తం అక్కడినుంచే వినాలి. కొన్ని సంఘాల్లో అయ్యగారు కొన్నేళ్లకు బదిలీ మీద పోతారు, ఆయన ఇష్టంతో లేపిన స్టేజీ మాత్రం ఊర్లో ఉంటుంది. ఈ మాట పాస్టర్లే ముందు చెప్పగలిగితే సంఘానికి నోరు వస్తుంది.

దాతల సంగతి కూడా మొహమాటం లేకుండా మాట్లాడుకోవాలి. విదేశాల్లో ఉన్న బిడ్డ ప్రేమతో పంపిన డబ్బు గొప్పదే, అయితే అది ఏ పనికో ముందే రాసి పంపితే సంఘానికి మిగిలే నిర్ణయం ఉండదు. అవసరాల జాబితా సంఘం తయారు చేయాలి, దాత అందులోంచి ఎంచుకోవాలి.

ఒక్క విషయంలో పాలమూరు సంఘాలకు ఉన్నంత బలం వేరే ఎవరికీ లేదు. పాలమూరు లేబర్ అన్న పేరుతో ఈ జిల్లా మనుషులు దేశమంతా తిరిగి ప్రాజెక్టులు, రోడ్లు, అపార్టుమెంట్లు కట్టారు. సంఘంలోనే మేస్త్రీలు, సెంట్రింగ్ పనివాళ్లు, టైల్స్ వేసేవాళ్లు ఉన్నారు, ఏ గది ఎట్లా ఉడుకుతుందో, ఎక్కడ మాట మార్మోగుతుందో వాళ్లకు చేతి అనుభవంతో తెలుసు. ప్లాన్ గీసే రోజు వాళ్లు పుణెలోనో ముంబయిలోనో పనిలో ఉంటారు. క్రిస్మస్‌కు ఊరికి వస్తారు. అప్పటిదాకా ఆగి, ఖాళీ జాగాలో కొత్త హాలు కొలతలన్నీ నిజం సైజులో ముగ్గుతో గీసి, పుల్పిట్ ఎక్కడ, బల్ల ఎక్కడ, బాప్తిస్మం తొట్టి ఎక్కడ, తలుపు ఎక్కడ అని గుర్తులు పెట్టి, ఆ ముగ్గు గీతల మధ్యలో ఒక సాయంత్రం ప్రార్థన పెట్టుకోవాలి, మైకు లేకుండా. అవ్వలు తమకు నచ్చిన చోట కూర్చుంటారు, పిల్లలు గీతలు దాటి ఉరుకుతారు, మేస్త్రీలు అడుగులతో కొలిచి తలుపు ఇక్కడ కాదు అటు ఉండాలె అంటారు. ముగ్గు చెరిపి మళ్లీ గీయడానికి ఐదు నిమిషాలు పడుతుంది.